తడవని బూటు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఆవిడ పెళ్లయిన నెలకే కనిపెట్టింది. ఏలూరు పవరుపేటలో బూట్లు కుట్టే జ్ఞానయ్య దగ్గరికి వెళ్తే ముందు తిట్లు, తర్వాత బూట్లు దొరుకుతాయని ఊళ్లో చెప్పుకుంటారు. చెప్పుకోనీండి. పని తెలిసినవాడికి ఆ మాత్రం పొగరు ఉండాలి. యుద్ధం రోజుల్లో తాడేపల్లిగూడెం విమానాల మైదానంలో మూడేళ్లు సోల్జర్ల బూట్లు బాగుచేశాను. ఎలాంటి కాలైనా ఒకసారి పట్టుకుంటే దాని కథ నాకు తెలిసిపోయేది. తెలియని కాలు ఒక్కటే వచ్చింది. అది బంగారురాజుగారి కుడికాలు.

యాభై నాలుగులో, కార్తీకం వెళ్లిన వారం, ఆయన భార్య పైడమ్మగారి భుజం పట్టుకుని కుంటుతూ నా కొట్టు మెట్లెక్కారు. కైకలూరు దాటాక కొల్లేట్లో ఒక లంక ఆయన ఊరు. వానాకాలంలో గట్టు మీంచి తాటిదోనె జారి కాలి మీద పడిందట. ఎముక అతికింది గానీ చీలమండ వంకరగా అతికింది. బరువు వేస్తే చాలు లోపలికి మడత పడిపోతోంది. డాక్టరుగారు ఒక చీటీ రాసిచ్చారు. పాదానికి ఆసరా ఉండాలి, చీలమండ పక్కలకి కదలకూడదు, మంచి బూటు కుట్టించుకో అని దాని సారాంశం.

"ఏం పని చేస్తారండీ?" అని అడిగాను.

"చేపల పనేనండీ. దోనె మీద నిలబడి గడ వెయ్యాలండి. మాఘ పౌర్ణమికి మా ఊళ్లో వల వేసే తావులు పంచుతారండి. నీళ్లలో పాతిన వెదురు దాకా నిలబడి గడ వేసుకుంటా వెళ్లి తిరిగొచ్చినోడికే తావండీ. కూలబడితే ఆ తావు ఇంకొకళ్లకి పోద్దండి. మా తాత నాటి నించీ వస్తున్న తావండి మాది."

"అది పోతే?"

"ఎవరి దోనెలోనో కూలికి కూర్చోవడమేనండీ," అన్నారు పైడమ్మగారు. ఆయన తల వంచుకున్నారు.

మాఘ పౌర్ణమికి రెండు నెలల పైనే ఉంది. ఎలాగైనా ఈ మనిషిని నిలబెట్టాలని ఆ క్షణమే పట్టుదల వచ్చేసింది.

గూడెం మైదానంలో ఒక తెల్లదొర తన సొంత బూటు తెచ్చి నాచేత కుట్టించుకున్నాడు ఒకసారి. వాళ్ల దేశంలో కాళ్లకి చెక్కలు కట్టుకుని మంచుకొండ మీంచి జారతారట. ఆ బూటు విప్పి చూస్తే నా మతి పోయింది. చీలమండకి అటూ ఇటూ తోలు రెండు పొరలు, రాయిలాగా గట్టిగా ఉంది. ముందువైపు మాత్రం మోకాలు వంచడానికి వీలుగా మెత్తటి తోలు. కదిలే చెక్క మీద నిలబడేవాడికి కాలు వంగాలి, కానీ ఒరగకూడదు. అప్పుడు తీసుకున్న కాయితం కత్తిరింపు పదేళ్లుగా నా పెట్టెలో ఉంది. మంచు మీద చెక్క అయినా నీళ్ల మీద దోనె అయినా నిలబడేవాడి అవస్థ ఒకటే కదా అనుకున్నాను.

డాక్టరుగారి మాట కూడా పాటించి మొదటి బూటు చుట్టూరా గట్టిగా కుట్టాను. పది రోజులకి ఇద్దరూ మళ్లీ వచ్చారు.

"బూటు ఎలా ఉందండీ?"

"బూటుకేమండీ, దివ్యంగా ఉంది. దోనె మీదే నిలబడలేకపోతున్నానండి. మడం మడత పడిపోతంది."

"ఆ బూట్లో మడత పడడానికి చోటేదండీ!"

"మరి పడిపోతన్నానండి," అన్నారు, తప్పంతా తనదే అన్నట్టు.

సరే, చుట్టూ బిగించేసరికి కాలు వంగక దోనె ఊపుకి మనిషి పడుతున్నాడేమో అనుకుని ముందువైపు మెత్తగా ఇంకో బూటు కుట్టాను. మళ్లీ వచ్చారు. బూటు ఇంకా బాగుందట, కానీ పడిపోయారట. మెత్తన ఎక్కువైందేమోనని పక్కలకి గొడుగు కమ్మీలు పెట్టి మూడోది కుట్టాను. మళ్లీ అదే. బూటు బ్రహ్మాండం, మనిషి నీళ్లలో. కాలికి వేస్తే మెడకి, మెడకి వేస్తే కాలికి అన్నట్టుంది వ్యవహారం. గట్టిగా కుట్టినా పడతాడు, మెత్తగా కుట్టినా పడతాడు. మరి ఈ బూటు బాగుండడమేమిటి?

ఇంకో వింత కూడా ఉంది. బూటు తిరగేసి చూస్తే అడుగున గట్టు మీది దుమ్మే గానీ నీటి చార ఒక్కటి లేదు. దోనెలో ఎప్పుడూ చారెడు నీళ్లుంటాయని ఆయనే చెప్పారు. పైగా ఈయన పడుతున్నది కొల్లేట్లోనాయె. తుడిచి ఆముదం రాసుకుంటున్నారు కాబోలు, నా పని మీద ఎంత గౌరవమో అని మురిసిపోయాను. నా అంత వెర్రివాడు ఏలూరులో లేడు.

మూడో బూటు సంగతి చెప్పడానికి వచ్చినప్పుడు పైడమ్మగారు ఏదో అనబోయారు. "ఏవండీ, చెప్పెయ్యండీ ఆయనకి," అన్నారు మెల్లిగా. బంగారురాజుగారు ఆవిడ వంక చూశారు. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వీధిలోకి చూస్తూ కూర్చున్నారు. డబ్బు సంగతి కాబోలని నేను అడగలేదు. అడిగి ఉంటే నెల రోజులు కలిసొచ్చేది.

పౌర్ణమికి నాలుగు రోజులుందనగా నాకు నిద్ర పట్టడం మానేసింది. ఇంకో కొత్త బూటు కుట్టి, సంచీలో వేసుకుని కైకలూరు బస్సెక్కాను. అక్కణ్ణించి నాలుగు మైళ్లు నడిచి లంక చేరేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. గట్టు మీద పైడమ్మగారు వల బాగుచేసుకుంటున్నారు. బంగారురాజుగారు నా మూడో బూటు తొడుక్కుని గట్టు వెంబడి నడుస్తున్నారు. చక్కగా, నిటారుగా, కుంటన్నదే లేకుండా! నా గుండె ఉప్పొంగింది.

ఆయన నన్ను చూడలేదు. నీటి ఒడ్డుకి వచ్చి ఆగారు. వంగి బూటు విప్పారు. తుండుగుడ్డతో తుడిచి గట్టు మీద బోర్లించారు. దోనెకి దణ్ణం పెట్టి, ఉత్త కాళ్లతో ఎక్కి గడ పట్టుకుని నిలబడ్డారు. గడ ఒక్కసారి నొక్కగానే కుడి చీలమండ లోపలికి మడత పడింది. మనిషి దబ్బుమని నీళ్లలో పడ్డారు.

నా కళ్లని నేనే నమ్మలేదు. "ఏంటండీ రాజుగారూ ఇది!" అని అరిచాను. "బూటు విప్పేశారేంటండీ?"

ఆయన నడుం లోతు నీళ్లలో నిలబడి నన్ను చూసి తెల్లబోయారు. పైడమ్మగారే లేచి వచ్చారు.

"దోనెలోకి తోలు ఎక్కకూడదండి జ్ఞానయ్యగారూ. మా అమ్మవారి ఆన. ఎవరం చెప్పులతో ఎక్కమండి."

"మరి బూటెందుకు కుట్టించుకున్నారండీ?"

"గట్టు మీద తొడుక్కుని నడిస్తే మడం తిన్నగా అయిపోద్దనీ, అప్పుడు ఉత్త కాలితో నిలబడొచ్చనీ ఆశండి," అన్నారు బంగారురాజుగారు. "బూటు నిజంగానే బాగుందండి. నేను అబద్ధం చెప్పలేదండి."

నిజమే. ఆయన ఒక్కసారి కూడా బూటు వేసుకుని పడ్డానని అనలేదు. అనుకున్నదంతా నేనే.

"ముందే చెప్పొచ్చు కదండీ!"

"తోలుపని చేసుకునే మనిషితో, మీ తోలు మా దోనెకి పనికిరాదని ఎలా అంటానండీ? మీరు చిన్నబుచ్చుకోరూ?"

చిన్నబుచ్చుకున్నాను. ఇప్పుడు చిన్నబుచ్చుకున్నాను. పనికిరానిది తోలా, తోలు పట్టిన నా చేతులా? మా పేటలో పుట్టినవాడికి ఆ రెంటికీ తేడా ఎక్కడుందో ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు. బూటు సంచీలో కుక్కుకుని గట్టు మీద దూరంగా వెళ్లి కూర్చున్నాను. వెళ్లిపోదామని ఉంది. ఆ కాలు వదిలి వెళ్లబుద్ధి కావడం లేదు. ఇంత కోపిష్టివాణ్ణి, ఎవరి మీద కోప్పడాలో తెలియక కూర్చున్నాను. ఆ మనిషి నన్ను నొప్పించకూడదని తన తావునే పోగొట్టుకోబోతున్నాడు. అలాంటివాణ్ణి ఏమని తిడతాం?

కాసేపటికి పైడమ్మగారు అరిటాకులో అన్నం, కొరమీను పులుసు తెచ్చి నా ముందు పెట్టారు. "తినండి. కోపం అన్నం మీద వద్దండి," అని, నా పక్కనే కూర్చుని వల అల్లుకోసాగారు.

తింటూ ఆ వల చూస్తున్నాను. తుమ్మచెక్క కషాయంలో ఉడకబెట్టిన నూలుతాడు. ఆ వాసన నాకు కొత్త కాదు. మేం తోలు పదును చేసేదీ ఆ చెక్కతోనే. చెయ్యి కడుక్కుని వల అంచు పట్టుకున్నాను. ఒకవైపు లాగితే సాగింది. అడ్డంగా లాగితే బిగుసుకుంది. ఇంకోసారి లాగాను. అటు సాగింది, ఇటు బిగిసింది.

"పైడమ్మగారూ, ఈ కన్ను ఇంకా చిన్నదిగా అల్లగలరా?"

"దేనికండీ?"

"మీ ఆయన కాలికండీ!" అని అరిచాను. సంతోషం వచ్చినా నాకు అరుపే వస్తుంది.

మూడు రోజులు ఆ పాకలోనే ఉండిపోయాను. ఆవిడ చీలమండ చుట్టూ పట్టేలా వల తొడుగు అల్లారు. సాగే వైపు ముందుకి, బిగిసే వైపు పక్కలకి ఉండేలా నేను తిప్పి కూర్చాను. చేపలు పట్టే మావు బుట్టలు అల్లే వెదురుబద్దలు రెండు నున్నగా చెక్కి అటూ ఇటూ ఇమిడ్చి తాళ్లతో బిగించాను. అడుగుకి తాటిమట్ట పాదం ఆకారంలో కోసి, వేళ్ల దగ్గర వదిలేశాను. దోనె మీద వేళ్లతో పట్టు ఉండాలని ఆ మూడు రోజుల్లో తెలుసుకున్నాను. ముప్ఫై ఏళ్ల పనిలో తోలు ముట్టకుండా బూటు కుట్టడం అదే మొదలు. అది బూటో, వలో, బుట్టో నాకే తెలియలేదు.

ఒక్క చిక్కు మిగిలింది. నూలు తడిస్తే బిగుస్తుంది. గట్టు మీద కట్టింది నీళ్లలో పనికిరాదు. తడిశాక విప్పి, ఆయన దోనెలో నిలబడి ఉండగా మళ్లీ బిగించాలి. తాళ్లు ఎంత లాగాలో నా వేళ్లకే తెలుసు. అంటే నేనూ ఆ దోనె ఎక్కాలి. ఆ మాట నేను ఆయనతో అనలేకపోయాను. నాకూ ఆ రోగం అంటుకుంది.

పౌర్ణమి ఉదయం గట్టు మీద ఊరంతా చేరింది. ఊరి పెద్ద నరసింహరాజుగారు బంగారురాజుగారి కాలు వంగి చూశారు.

"ఇందులో తోలు ఉందా?"

"లేదండి. నూలు, వెదురు, తాటిమట్ట. అంతేనండి."

నరసింహరాజుగారు నా వైపు తిరిగారు. "నువ్వేనా కుట్టింది?"

"నేనేనండి."

ఆయన పక్కకి జరిగారు. బంగారురాజుగారు దోనె ఎక్కి కాలు నీళ్లలో ముంచి తీశారు. నిలబడబోయి ఆగారు. తడిసిన తాళ్లు ఒకవైపుకి లాగేస్తున్నాయి. నాకు గట్టు మీంచే కనిపిస్తోంది. అలాగే బయలుదేరితే పది గడలకి కూలబడతారు. ఆయనకీ తెలుసు. ఆయన నా వైపు చూశారు.

"జ్ఞానయ్యగారూ, ఎక్కండి. మీరే కట్టాలండి."

గట్టు మీద తలలన్నీ నా వైపు తిరిగాయి. నేను నరసింహరాజుగారి మొహం చూశాను. అక్కడ నాకు ఔననీ కాదనీ ఏమీ దొరకలేదు. చెప్పులు విప్పి, నీళ్లలో దిగి పాదాలు కడుక్కుని, దోనెలోకి ఎక్కాను. ఎవరూ ఆపలేదు. మోకాళ్ల మీద కూర్చుని తాళ్లు విప్పి మళ్లీ కట్టాను. నా జన్మలో అంత నెమ్మదిగా ఎప్పుడూ కట్టలేదు.

"దిగిపోనా అండీ?"

"కూర్చోండి. దారిలో మళ్లీ బిగిస్తే?" అని ఆయన గడ నొక్కారు.

దోనె కదిలింది. నేను కొల్లేరు చూడలేదు, పిట్టల్ని చూడలేదు. రెండు చేతులతో దోనె అంచులు పట్టుకుని ఆ చీలమండనే చూస్తూ కూర్చున్నాను. గడ నొక్కినప్పుడల్లా ముందుకి వంగింది. పక్కకి ఒరగబోయినప్పుడల్లా వల బిగుసుకుని ఆపింది. వంగింది, ఆగింది. వెదురు దగ్గర దోనె తిప్పుతుంటే ఒక్కసారి తూలారు. నా ప్రాణం పోయింది. వేళ్లు దోనె అడుగుని పట్టుకున్నాయి, చీలమండ నిలిచింది. అప్పుడు నాకు ఏడుపొచ్చింది. ఆయన చూడకుండా భుజానికి తుడుచుకున్నాను.

గట్టు చేరాక నరసింహరాజుగారు గొంతెత్తి, "తావు బంగారురాజుదే," అన్నారు. పైడమ్మగారు అక్కడే గట్టు మీద కూలబడి నవ్వుతున్నారో ఏడుస్తున్నారో తెలియకుండా ఉన్నారు.

నేను దోనెలోంచి లేవబోయాను. అలవాటు లేని కాళ్లు, దోనె అటూ ఇటూ ఊగింది. నన్ను ఎక్కించింది కాలి కోసమా, నా కోసమా అన్నది నాకింకా తేలలేదు. ఎవర్ని అడగాలో కూడా తెలియలేదు.

నరసింహరాజుగారు మోకాలి లోతు నీళ్లలోకి వచ్చి నాకు చెయ్యి అందించారు.

"జాగర్తగా దిగండి," అన్నారు.

ఆ చెయ్యి పట్టుకుని దిగాను.