అటు కాదు బావా

నేను ఒక జానెడు సిలికాన్ పైపుని. రంగు నీలం. రిమోటు కారులో ట్యాంకుకీ కార్బురేటరుకీ మధ్య నా కాపురం. రిమోటు కారనగానే బ్యాటరీ బొమ్మ అనుకుని పెదవి విరిచేరు, నాకు ఒళ్లు మండుతుంది! మాది నైట్రో ఇంజను. మిథనాలు, నైట్రో, కాస్త ఆముదం కలిపిన ఘాటు సరుకు తాగి నిమిషానికి ముప్పై వేల చుట్లు తిరుగుతుంది. సైలెన్సరులోని పొగ కొంత ట్యాంకులోకి వచ్చి ఇంధనాన్ని తోస్తుంది, నేను మోస్తాను. ఆ తోపుకీ ఆ అదురుకీ అలవాటుపడ్డ ఒళ్లు కదా, కుదురుగా ఉండటం నాకు చేతకాదు. బండి ఆగి ఉన్నా మళ్లీ ఎప్పుడు లేపుతారా అని ఒకటే ఆరాటం.

ఫ్యాక్టరీలో నేనొక పెద్ద చుట్టలో ముక్కని. కోసి, సంచిలో పెట్టి, హైదరాబాదు దుకాణంలో కొక్కేనికి ఆరు నెలలు వేలాడదీశారు. ఆ ఆరు నెలలు నాకు నరకం. ఒక పళ్ల డాక్టరుగారు కూతురి పుట్టినరోజని కారూ నన్నూ కొన్నారు. ఆ పిల్ల చేతికి రిమోటు ఒక్కసారైనా వచ్చి ఉంటే ఒట్టు. మనుషులు బహుమతులు ఎవరి కోసం కొంటారో నాకు ఆ ఇంట్లోనే తెలిసింది. ట్యాంకు సగమయ్యేసరికి ఇంజను వేడెక్కి ఆగిపోతోందని విసుగెత్తి, ఆయన కారు అమ్మేశారు.

కొన్నది బెజవాడ ఆటోడ్రైవరు ఇమ్మానుయేలు. తిన్నగా ఆటోనగర్‌లో తన అక్క మొగుడు దేవసహాయం షెడ్డుకి తెచ్చాడు. టూ-స్ట్రోక్ స్కూటర్ల కాలంలో దేవసహాయం చెయ్యి పడితే మొరాయించిన బండి లేదు. ఇప్పుడు కార్బురేటరు బళ్లే లేవు. వారానికి ఒక పంచరు వస్తే గొప్ప. షెడ్డు తాళం ఓనరుకి ఇచ్చేసి ఇంట్లో కూర్చుంటానని ఆయన నెల రోజులుగా అంటున్నాడు. ఇంట్లో కూర్చుంటే మనిషి దక్కడని ఇమ్మానుయేలుకి భయం.

"ఏందిరా ఇది? అగ్గిపెట్టంత ఇంజను!" అని వెటకారంగా వంగిన పెద్దమనిషి, నేను ఎక్కడికి వెళ్తున్నానో చూసి కళ్లద్దాలు తుడుచుకున్నాడు. "ఒరేయ్, దీనికి కార్బురేటరుందిరా!"

ఆ రోజు ఆయన పనితనం చూడాలి! అదురుకి ఇంధనం నురగ కట్టకుండా ట్యాంకు కింద పాత ట్యూబు ముక్కలు వేశాడు. ఒత్తిడి బయటికి పోకుండా మూతకి కొత్త వాషరు కోశాడు. నన్నూ రెండంగుళాలు తగ్గించాడు. కోపమొచ్చింది గానీ, దారి తగ్గితే సరుకు త్వరగా అందుతుందన్నది నిజమే. చివరికి ఇంజను వేడిగా ఉందని కార్బురేటరు మీది స్క్రూ బిగించాడు. అక్కడే కొంప మునిగింది.

ఆయన నలభై ఏళ్లు తిప్పిన స్కూటర్ల ఎయిర్ స్క్రూ గాలి దారిలో ఉండేది. బిగిస్తే గాలి తగ్గి పెట్రోలు వాటా పెరిగి ఇంజను చల్లబడేది. మా స్క్రూ ఇంధనం దారిలోనే ఉంది. బిగించేసరికి నేను మోసుకొచ్చిందంతా గుమ్మం దగ్గరే నిలిచిపోయింది. ఇంజను కీచుమని అరిచి ఆగింది.

"బావా, దీని పిస్టన్ సెట్టు ఇంకెక్కడా దొరకదంట. వేడికి బిగుసుకుని పట్టేసిందంటే ఇనపసామాన్లోకే" అన్నాడు ఇమ్మానుయేలు.

"పైపు దరిద్రంరా" అన్నాడు దేవసహాయం.

విన్నారా? ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు! నన్ను పీకి తుప్పు బోల్టుల డబ్బాలో పారేసి సెలైన్ పైపు తగిలించాడు. ఆ సరుకుకి అది వారంలో పుల్లలా గట్టిపడి చీలింది. మళ్లీ నేనే గతి అయ్యాను.

ఈలోగా ఇమ్మానుయేలు కారుతో వచ్చిన కాగితం మీది బొమ్మలు చూసి అసలు సంగతి కనిపెట్టాడు. కానీ బావకి ఎలా చెప్పడం? ఆయనకి మిగిలింది ఈ ఒక్క కార్బురేటరు. అదీ తెలియదంటే మర్నాడే తాళం ఇచ్చేస్తాడు. అందుకని బావ బిగించడం, ఆయన టీకి వెళ్లగానే ఇతను వదులు చేయడం. బండి బాణంలా పోతుంటే, "చూశావా నా చెయ్యి!" అని బావ మీసం దువ్వడం. రెండు నెలలు ఈ నాటకం చూసి నాకు పిచ్చెక్కింది.

గుడివాడ అవతల మట్టి ట్రాకు మీద పందెం వచ్చింది. ఆ ఉదయం బావ బిగించిన పావు చుట్టుని వదులు చేసే సందు దొరకలేదు. ఈలోపే పేర్లు పిలిచేశారు. ఇమ్మానుయేలు రిమోటుతో, బళ్లు నడిపేవాళ్లు నిలబడే మంచె ఎక్కాడు, పందెం అయ్యేదాకా దిగడానికి లేదు. కింద ఇంధనం నింపేది బావ ఒక్కడే. రెండోసారి నింపడానికి వచ్చేసరికి సైలెన్సరులో పొగ లేదు. నీళ్లచుక్క వేస్తే ఇంజను మీద చుయ్యిమంది. "దాహంరా దీనికి" అంటూ ఆయన స్క్రూడ్రైవరు తీశాడు. ఇంకొక్క పావు బిగిస్తే పిస్టన్ పట్టేస్తుంది. పైపుకి నోరుంటే ఆ క్షణాన గొంతు చించుకునేదాన్ని.

"అటు కాదు బావా! వదులు చెయ్యి!"

మంచె మీంచి అరుపు. అందరూ తిరిగి చూశారు. దేవసహాయం తలెత్తాడు, ముఖం కందిపోయింది.

"మరి ఇన్నాళ్లూ?"

"నువ్వు బిగించినప్పుడల్లా నేనే వదులు చేశా బావా!"

స్క్రూడ్రైవరు విసిరేసి పోతాడనుకున్నాను. ఇంజను చావు దగుళ్లు దగ్గుతోంది. ఆయన మళ్లీ స్క్రూ మీదికి వంగాడు.

"ఎంతరా?" అని అరిచాడు.

"పావు చుట్టు!"

తిప్పాడు. నాలోంచి సరుకు ఉరికింది. నీలిపొగ వదులుతూ బండి ట్రాకెక్కింది. అయిదో స్థానం వచ్చింది, పతకమేమీ లేదు.

తిరుగుదారిలో బావ కారుని ఒళ్లో పెట్టుకుని ఆటోలో కూర్చున్నాడు.

"మొదటే చెప్పి చావొచ్చుగా" అన్నాడు బావ.

"షెడ్డు మూసేస్తావని భయమేసింది."

ఆయన బయటికి చూస్తూ, "మూసేవాణ్ణేరా" అన్నాడు.

ఏడాదికి నేను వేడికి బిరుసెక్కాను. నా చోట కొత్త పైపు వచ్చింది, నన్ను షెడ్డులో మేకుకి తగిలించారు. కుదురు ఇప్పటికీ లేదు, గాలికి ఊగుతూనే ఉంటాను. కింద నైట్రో కార్లు వరస కడుతున్నాయి, పందెంలో ఆయన పని చూసినవాళ్లు గుంటూరు నుంచి కూడా తెస్తున్నారు. దేవసహాయం ప్రతి బండి ముందూ కూర్చుని, స్క్రూడ్రైవరు చేతిలోనే పట్టుకుని, దాని యజమానిని అడుగుతాడు: "ఇది ఎటు తిప్పితే ఎటు బాబూ?" మేస్త్రీ అయ్యుండి ఆ మాత్రం తెలియదా అని కొందరు నవ్వుతారు. నవ్వనిస్తాడు. జవాబు వచ్చేదాకా స్క్రూ ముట్టుకోడు.