పొయ్యి వెలిగించని ఇల్లు

ఉడుకునీళ్లలో తేలుతున్న పట్టుగూళ్ల మీద చిన్న చీపురుతో తట్టి, అంటుకొచ్చిన పోగుల్ని సోమక్క వేలికి చుట్టుకుంటోంది. ఎనిమిది గూళ్ల పోగులు కలిస్తే ఒక దారం. ఏ గూడు అయిపోయినా దారం సన్నబడుతుంది, వెంటనే ఇంకో గూటి పోగు అందించాలి. ఇరవై రెండేళ్లుగా ఆమె పని ఇదే. హిందూపురంలో ఇలాంటి పట్టుదారం తీసే షెడ్లు ఎన్నో ఉన్నాయి, ఇలాంటి ఆడవాళ్లు వందల్లో ఉన్నారు, కాబట్టి ఇందులో చెప్పుకోవాల్సిన గొప్పేమీ లేదు. ఆమె వేళ్లు మాత్రం నాని, తెల్లబడి, ముడతలు పడి, ఆమె కంటే పదేళ్లు పెద్దవిగా కనిపిస్తాయి. ఉడికిన పురుగుల వాసన చీరలోనూ జుట్టులోనూ ఉంటుంది. అది ఆమెకు తెలియడం ఎప్పుడో మానేసింది.

పన్నెండు కాకముందే లేచి చేతులు తుడుచుకుంది. మూడు నెలలుగా ఆమెది సగం పూట పనే.

"ఎట్లుండాది శారదమ్మకు?" మేస్త్రీ రామన్న అడిగాడు.

"నీళ్లు కూడా దిగల్యా రామన్నా."

"సోమందేపల్లిలో అన్నదమ్ములుండారు గదా, వాళ్లు రారా?"

"వచ్చే పొద్దుకు వస్తార్లే," అంది సోమక్క.

శారదమ్మ పెళ్లే వద్దని సోమందేపల్లి నుంచి వచ్చేసిన మనిషి. సోమక్క పెళ్లి చేసుకుని చూసి, ఇది మన వల్ల కాదని తాడిమర్రి నుంచి వచ్చేసిన మనిషి. షెడ్డులో పక్కపక్క ఉడుకునీళ్ల బేసిన్ల దగ్గర కూర్చుని, ఒకరి పోగు తెగితే ఒకరు అందిస్తూ, పంతొమ్మిదేళ్ల కిందట ఒకే గదిలో కాపురం పెట్టారు. అక్కాచెల్లెళ్లేమో అని వీధి అనుకుంది. వీధికి అంతకంటే మంచి మాట తట్టలేదు, వీళ్లూ కాదనలేదు. తలుపు మూసుకున్నాక మాత్రం సోమక్క ఏనాడూ అక్కా అనలేదు, శారదా అనే పిలిచింది. ఉప్పు ఎక్కువైందని పోట్లాడుకుని, అటు తిరిగి ఒకరు ఇటు తిరిగి ఒకరు పడుకుని, తెల్లారేసరికి ఒకే దుప్పట్లో చేరేవాళ్లు. అంత ప్రేమ ఆ చిన్న గదిలో ఎలా పట్టిందో వాళ్లకే తెలియాలి.

బెంగళూరు డాక్టర్లు గర్భసంచిలో గడ్డ ముదిరిపోయిందనీ, ఇక ఇంట్లోనే చూసుకోమనీ చెప్పి పంపారు. సోమక్క షెడ్డులో ఉండే పూట పక్కింటి ఖాతూన్‌బీ వచ్చి మంచం దగ్గర కూర్చునేది. ఆ రోజూ సోమక్క రాగానే, "పొద్దున్నుంచి నీ కోసమే తలుపు దిక్కు చూస్తాండాది," అని చెప్పి ఖాతూన్‌బీ తన ఇంటికి వెళ్లింది.

శారదమ్మ నులకమంచం మీద ఒక పక్కకు ఒరిగి ఉంది. ఒకప్పుడు రెండు బిందెలు ఒకేసారి మోసిన మనిషి, ఇప్పుడు దుప్పటి కింద ఉందో లేదో అన్నట్టుంది. బుగ్గలు లోపలికి పోయి ముక్కు ఒక్కటే నిక్కి కనిపిస్తోంది. సోమక్క వంగి, తడిగుడ్డతో ఆమె పెదాలు అద్దింది.

శారదమ్మ ముక్కు ముడిచింది. షెడ్డు మానేసిన ఈ మూడు నెలల్లోనే ఆమెకు ఆ వాసన కొత్తగా తెలుస్తోంది.

"పురుగుల కంపు," అంది, గొంతు సరిగా పెగలకపోయినా నవ్వుతూ. "పోయి చేతులు కడుక్కో పో."

సోమక్క పెరట్లోకి పోయి, సబ్బు పెట్టి మోచేతుల దాకా రుద్ది రుద్ది కడుక్కుంది. కొంగుకు తుడుచుకుంటూ వచ్చి, "ఇప్పుడు చూడు," అని అరచేయి ఆమె ముక్కు దగ్గర పెట్టింది. అరచేతికి ఊపిరి తగల్లేదు.

తడిగుడ్డతో ఆ పెదాలు ఇంకోసారి అద్దింది. తర్వాత ఎస్టీడీ బూత్‌కు వెళ్లి సోమందేపల్లికి ఫోను చేసింది.

నాలుగింటికి జీపు వచ్చింది. శారదమ్మ అన్న కొండప్ప, ఆయన భార్య, ఇంకో నలుగురు దిగారు. వదినే స్నానం చేయించి, పసుపు రాసి, కొత్త చీర కట్టింది. సోమక్కకు బిందెలు మోసే పని దొరికింది. శవాన్ని జీపులోకి ఎక్కించాక ఆమె కూడా కాలు పైకి పెట్టబోయింది.

కొండప్ప చెడ్డవాడు కాదు. కోపంగానూ అడగలేదు. "ఇన్నేండ్లు చూసుకుంటివి, పుణ్యముంటాదమ్మా. ఆడికొస్తే నిన్ను ఎవురని చెప్పల్ల మా వాళ్లకు?" అన్నాడు.

పంతొమ్మిదేళ్లలో ఆ ప్రశ్నకు జవాబు సిద్ధం చేసుకోవాలని ఆమెకు తోచనేలేదు. కాలు దించేసింది. జీపు వెళ్లిపోయింది.

వీధిలో ఎవరిళ్లకు వాళ్లు వెళ్లారు. పొద్దు వాలింది. సోమక్క ఇల్లు కడిగి, స్టవ్ ముందు అగ్గిపెట్టె పట్టుకుని కూర్చుంది. చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించరు. చుట్టుపక్కల వాళ్లే వండి తెచ్చి పెడతారు. కానీ ఇది చావు జరిగిన ఇల్లేనా? చావుతో పాటు ఏడ్చే హక్కు కూడా జీపెక్కి సోమందేపల్లికి పోయింది. ఇప్పుడు పుల్ల గీస్తే తనకు ఎవరూ పోలేదని తనే ఒప్పుకున్నట్టు. గీయకపోతే, గీయలేదని చూసేవాళ్లెవరు? ఆ పుల్ల అంటే ఆమెకు నిజంగా భయమేసింది.

ఖాతూన్‌బీ తలుపు తోసుకుని వచ్చింది. కొంగు కింద మూతపెట్టిన గిన్నె ఉంది. సోమక్క చేతిలో అగ్గిపెట్టె చూసి, దాన్ని మెల్లగా తీసుకుని తన రవికెలో దోపుకుంది.

"మూడు దినాలు నీ ఇంట్లో పొయ్యి ముట్టిచ్చకూడదు," అంది. "కూడు నేను తెస్తా."

"నాకెందుకు ఖాతూనక్కా. నేనేమవుతానని."

"మా ఆయన పోయిన దినం నేనూ ఇట్లే కూచోనుంటి." ఖాతూన్‌బీ పక్కన చతికిలబడింది. "తిను. తిన్న్యాక ఏడుద్దువు. నేను యాడికీ పోను."

సోమక్క సంగటి ముద్ద తుంచి పప్పులో అద్దింది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే ఏడుపు వచ్చింది. మధ్యాహ్నం నుంచి రానిది, వీధంతా వినేలా వచ్చింది. ఖాతూన్‌బీ ఊరుకోమనలేదు. వీపు మీద చేయి వేసి కూర్చుంది. ఏడుపు విని ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు వచ్చారు. వాళ్లూ ఏమీ అడగకుండా గోడవారన కూర్చున్నారు.

గిన్నె ఖాళీ అయ్యాక సోమక్క దాన్ని గుర్తుపట్టింది. ఖాతూన్‌బీ కూతురు షబీనా పెళ్లికి తామిద్దరూ చదివించిన స్టీలు గిన్నె అది. మొగుడూపెళ్లాల మాదిరి దాని మీద ఇద్దరి పేర్లూ పక్కపక్కన ఏంటికని ఆ రోజు సోమక్క సిగ్గుపడింది. శారదమ్మ వినలేదు. "కలిపే కొట్టప్పా," అని పాత్రలంగడి వాడికి చెప్పింది. పొయ్యి పక్కన నేల మీద ఆ గిన్నె ఉంది, అంచు కింద చుక్కలు చుక్కలుగా కొట్టిన పేర్లతో: శారదమ్మ, సోమక్క.