ఉల్లాసలేహ్యము

నిరంతరధారాపాతమున దినమణిదర్శనము దుర్లభమై పొంగిపొరలు వాగుల ఘోష దిగంతముల నిండ తడిసిన కోటగోడలపై నాచు పచ్చగా ప్రాకుచుండిన యొక శ్రావణసాయంకాలమున వేలుపుగిరి దొరసాని సుభద్రాయమ్మ గవాక్షముచెంత గూర్చుండి నవ్వెను. అది విని దాది పోలమాంబ యానందబాష్పములు దుడిచికొనెను.

తొలిచూలు బిడ్డ జ్వరమున గతించినది మొదలు ఆ సాధ్వి నవ్వి యెఱుగదు. మందు బిడ్డను బ్రతికింపలేదని మందనిన మొగము త్రిప్పుకొనెడిది. దొరసానిని పుట్టిననాటినుండి ముద్దలు గలిపి నోటికందించి పెంచిన పోలమాంబకు కడుపు తరుగుకొనిపోయెను. అంతట కొండమూలికలమ్ము దేశాంతరి యొకడు వచ్చి "ఇది మందు గాదమ్మా! ఉల్లాసలేహ్యము. తేనెవలె ఆహారమే. ఎంత తినినను భయము లేదు" అని యొక జాడీ నిచ్చి పోయెను. ఎంత తినినను భయము లేని పదార్థ మీ భూమిపై నేదియో యా ముదుసలి యాలోచింపలేదు. ప్రేమ యాలోచింపనిచ్చునా! నాటినుండి యది ప్రతిదినము పాలబువ్వలో గలియుచుండెను.

నవ్వు వచ్చెను గాని నిదుర విడిచిపోయెను. దొర భార్యను బతిమాలి యొప్పించి వైద్యుడు నృసింహభట్టును బిలిపించెను. ఆయన నాడి చూచి గుళికలు దీసి "ఇవి తీక్ష్ణములు. వేఱొక యౌషధముతో గలిసినచో ప్రాణమునకే ముప్పు. దొరసానిగారు మఱేమైన సేవించుచున్నారా?" అని యడిగెను.

"మందా! మా తల్లి మందు ముట్టదని కోటయెల్ల నెఱుగును గదయ్యా! నా చేతి బువ్వయే తినుచున్నది" అని పోలమాంబ బదులు చెప్పెను. తా నెఱిగినంతమేర ఆమె యబద్ధమాడలేదు. ఆ రాత్రియే దొరసాని గుళికలు మ్రింగెను.

మఱునాటికి దొరసాని వ్రేళ్లు వడకజొచ్చెను. ఒడలు కాలెను. చెమట ధారగా గాఱెను. నీరసమని తలపోసి, అయ్యో, ఆ వెఱ్ఱిదాది లేహ్యము రెట్టింపు చేసి "ఒక్క ముద్ద, నా తల్లి గదూ" అని తినిపించెను. సుభద్రాయమ్మ ఆ చేతిని నమ్మి నోరు తెఱచెను.

వైద్యుడు పరుగున వచ్చుసరికి ఆమె యెవ్వరిని గుర్తింపక పలవరించుచు కాలుసేతులు కొయ్యబాఱి పడియుండెను. ఆయన చూపు మంచముప్రక్కనున్న జాడీపై బడెను. లేహ్యమును వ్రేలితో నంటి నాలుకపై మోపి యది యౌషధమే యని గ్రహించెను.

"అమ్మా, నే నడిగితినే!"

"మీరు మందును గూర్చి యడిగితిరయ్యా. ఇది బువ్వలోని దనుకొంటిని" అని పోలమాంబ వాపోయెను.

వాన వెలిసిన వేకువను సుభద్రాయమ్మ కన్నుమూసెను. దొర దాదిని దండింపక కోటలోనే యుండనిచ్చెను. దాది యటుపిమ్మట పెక్కేండ్లు బ్రతికెను. కోటలోని పసివాండ్రు ఆకలిగొని కొంగు పట్టుకొని నోరు తెఱచినపుడెల్ల పోలమాంబ రెండు చేతులును వెనుకకు దాచుకొని "మీ అమ్మ నడుగు నాయనా" అనెడిది.