మూడోసారి అడగని మర్యాద

కనకరాజు బంతి వేస్తున్నాడంటే కొత్తపేట గ్రౌండులో కీపరు అడగకుండానే వెనక్కి జరిగేవాడు. ఎన్నేళ్లు కొబ్బరికాయలు అమ్మినా రాని పేరు ఆ బంతితో వచ్చింది. ఊరు అతన్ని స్పీడు రాజుగారు అంది.

ఈ వేసవిలో ప్రాక్టీసులో అతని బౌన్సరు సొంత జట్టు ఓపెనరు శ్యామ్ బాబు కనుబొమ్మ చీల్చింది. కుట్లు పడ్డాయి. ఆ కుట్లతోనే శ్యామ్ బాబు ఇంటికొచ్చి, తల వంచకపోవడం తన తప్పేనని క్షమాపణ చెప్పుకుని, కాఫీ తాగి వెళ్లాడు.

ఆ రోజునుంచి కనకరాజు చెయ్యి అతని మాట వినలేదు. పరుగు అదే, ఎగరడం అదే. బంతి వదిలే క్షణంలో మాత్రం ఆ కనుబొమ్మ కళ్లముందుకొచ్చేది, బంతి బ్యాటుకి అందనంత దూరంగా తన దారిన తను పోయేది. ఊరు మాత్రం మర్యాద తప్పలేదు. వైడు రాజుగారు అంది.

పడుకున్నా అలసటే, లేచినా అలసటే. డాక్టరు కొన్నాళ్లు బంతి ముట్టుకోవద్దన్నాడు. అత్తగారు వీరాయమ్మ దిష్టి తీసి నిమ్మకాయలు కాలవలో పారేసింది. ఎవరో ఫోనులో చూసి ధ్యానం చెయ్యమన్నారు. కళ్లు మూసుకుంటే కనుబొమ్మ ఇంకా దగ్గరగా కనబడింది.

జట్టు కెప్టెన్ హరిబాబు స్వయానా కనకరాజు భార్య విజయకి అన్నయ్య. అతను ఇంటికొచ్చి మెత్తగానే చెప్పాడు.

"ఆదివారం రామచంద్రపురం వాళ్లతో ఇక్కడే సెమీఫైనల్ బావగారూ. అది కూడా ఇలాగే అయితే ఇంక మీరు హాయిగా కూర్చుని చూద్దురుగాని. కుర్చీ వేయిస్తానండి. ఎండ తగలకుండా గొడుగు కూడా పెట్టిస్తాను."

అతను వెళ్లాక విజయ పనసపొట్టు కొడుతూ, తల ఎత్తకుండానే వైద్యం చెప్పింది.

"శ్యామ్ బాబుగారిని భోజనానికి పిలవండి. తిన్నాక ఆయనకే నాలుగు బంతులు వెయ్యండి. మన చేతి అన్నం తిని కాదనలేరు కదండీ."

శ్యామ్ బాబు వచ్చాడు. వద్దన్నకొద్దీ విజయ వడ్డించింది. మూడుసార్లు బతిమాలితే గానీ ఆ ఇంట్లో విస్తరి లేవదు. తర్వాత ఇద్దరూ గ్రౌండుకెళ్లారు. హరిబాబు అప్పటికే అక్కడున్నాడు. శ్యామ్ బాబు ప్యాడ్లు కట్టుకున్నాడు, సంచిలోంచి హెల్మెట్ తీశాడు, కనకరాజు వైపు చూశాడు, మళ్లీ లోపల పెట్టేశాడు.

"పెట్టుకోండి," అన్నాడు కనకరాజు.

"అబ్బే, ఇప్పుడే కదండీ మీ ఇంట్లో తిన్నాను. అది పెట్టుకుంటే మిమ్మల్ని నమ్మనట్టుంటుందండి."

గుత్తివంకాయ ఇంకొకటి వేసుకోమని మూడుసార్లు బతిమాలినవాళ్లు హెల్మెట్‌కి కూడా ఆపాటి మర్యాద చెయ్యొచ్చు. కనకరాజు రెండోసారి అడగలేదు. హెల్మెట్ కిందకి పోతే ఆ కనుబొమ్మ కనబడదు, కనబడకపోతే మందు పనిచెయ్యదు అనిపించింది.

మొదటి బంతి వైడు. రెండోదీ వైడే. శ్యామ్ బాబు నవ్వి, దగ్గరికి వస్తున్నాయండి అని ధైర్యం చెప్పాడు. ఆ నవ్వు చూస్తే కనకరాజుకి ఇన్నాళ్లకి భయం కాక ఒళ్లుమంట వచ్చింది.

మూడో బంతి దవడకి తగిలింది. లేత బొండం చెక్కినట్టు చప్పుడైంది.

శ్యామ్ బాబు పడిపోయాడు. కనకరాజు భుజం ఆడించి చూసుకున్నాడు. చెయ్యి తేలిగ్గా ఉంది. హరిబాబు ఆటో తెచ్చి అతన్ని అమలాపురం తీసుకెళ్లాడు. ఆ ఆటో మలుపు తిరిగే లోపే కనకరాజు ఇంకో బంతి వేసి చూసుకున్నాడు. ఆఫ్ స్టంప్ ఎగిరిపడింది.

ఆదివారం రామచంద్రపురం వాళ్లు వచ్చినదారినే వెళ్లారు. ఊరు మళ్లీ స్పీడు రాజుగారంది. ఆ సాయంత్రం అతను ఆసుపత్రికి యాపిల్ పళ్లు పట్టుకెళ్లాడు. దవడకి తీగలు కట్టించుకున్న శ్యామ్ బాబు నోరు తెరవలేక, రెండు చేతులూ జోడించి అభినందించాడు.

ఫైనల్‌కి ఇంకో రెండు వారాలుంది. దానికి ముందు ప్రాక్టీసులో కనకరాజు వేసిన మొదటి బంతి వైడు. తర్వాతదీ అంతే. హరిబాబు గ్రౌండు పక్కనున్న కుర్చీ దుమ్ము తుడిచాడు.

ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుంటూ కనకరాజు, శ్యామ్ బాబుగారు ఆసుపత్రినుంచి ఇంటికొచ్చేరా అని అడిగాడు.

"నిన్నే వచ్చేరండి," అంది విజయ. అప్పటికే పెసరపప్పు కడుగుతోంది. "నమలక్కర్లేకుండా మెత్తగా ఏదైనా చేస్తాను. మీరెళ్లి పిలవండి."

కనకరాజు చెప్పులేసుకున్నాడు.