గట్టు మీద కాపలా

కంచుకు ఆ పేరు గొంతును బట్టి వచ్చింది. అతను వాగు గట్టు మీద తుమ్మితే అవతలి ఒడ్డున కాకులు లేచేవి. అందుకే బావ, అంటే అక్క మొగుడు, అతన్ని తవ్వకానికి దింపకుండా పైన కాపలా పెట్టాడు. వరద తగ్గాక, వాగు కోసేసిన గట్టు అడుగున గులకరాళ్ళ పొర ఒకటి బయటపడుతుంది. అందులో రాయిగా మారిన ఎముకలు, అరచేయంత పళ్ళు దొరుకుతాయి, వాటిని కొనేవాళ్ళున్నారు. బావ గట్టు కిందికి దూరి ఆ పొరను తవ్వుతాడు. అతను తెచ్చి పోసిన గులకరాళ్ళను అక్క అవతలి ఒడ్డున మోకాలి లోతు నీళ్ళలో నిలబడి జల్లెడ పడుతుంది. కంచు పని ఒక్కటే. పైన నేలలో పగులు కనబడితే కేకెయ్యాలి. కింద ఉన్నవాడు తలెత్తి చూడడు, చూస్తూ కూర్చుంటే పని సాగదు. పైవాడి గొంతును నమ్ముకునే తవ్వుతాడు.

గొంతు ఉన్నంత మాత్రాన గుండె కూడా ఉండాలని రూలేమీ లేదు. బావ అక్కను కొట్టినప్పుడల్లా కంచుకు ఏదో ఒక పని గుర్తొచ్చేది. తాడు చుట్టేవాడు, పారకు పదును పెట్టేవాడు. మౌనం అర్ధాంగీకారం అంటారు. ఏళ్ళ తరబడి నోరు మూసుకున్నవాడిది అర్ధమెక్కడిది, పూర్తి అంగీకారమే. ఆ సంగతి కంచుకు తెలుసు. తెలిసి సిగ్గుపడేవాడు, సిగ్గుపడి మళ్ళీ తాడే చుట్టేవాడు.

ఆ రోజు జల్లెడలో ఎముకలు పడలేదు. ముందు కుండపెంకులు పడ్డాయి, తర్వాత నున్నగా అరగదీసిన రాతి గొడ్డలి ఒకటి, ఆ తర్వాత చిన్న మట్టి గిన్నె. ఎన్ని వేల ఏళ్ళ కిందో ఎవరో ఆ గట్టున కాపురం చేశారన్నమాట. ఇలాంటివి చూస్తే బావకు ఒళ్ళు మండుతుంది. మనుషుల వస్తువులు బయటపడ్డాయని తెలిస్తే మ్యూజియం వాళ్ళు వచ్చి తవ్వకం ఆపిస్తారు. కంచు కూడా చూద్దామని గట్టు దిగి వాగు దాటి వచ్చేసరికి బావ కుండపెంకులన్నీ వాగు మధ్యకు విసిరేశాడు. గొడ్డలి మాత్రం చేతికి బాగా అమరిందని నడుముకు దోపుకున్నాడు. గిన్నెను అక్క వీపు వెనక దాచుకుంది.

"ఇటివ్వు," అన్నాడు బావ.

"దీని అంచు చూడు. పసిపిల్ల వేలిముద్రలున్నాయి. ఇదొక్కటీ ఉంచుకుంటాను."

"ఇమ్మన్నానా."

అక్క ఇవ్వలేదు. పెళ్ళయ్యాక ఆమె మొగుడి మాట కాదనడం కంచు చూడటం అదే మొదలు. బావ గిన్నె లాక్కుని బండకేసి కొట్టాడు. అదే ఊపులో రాతి గొడ్డలి తీసి దాని మొద్దు వైపుతో ఆమె నోటి మీద కొట్టాడు. అక్క నీళ్ళలో కూలబడింది. లేచి అరచేతిలోకి ఉమ్మితే రక్తంతో పాటు రెండు పళ్ళు పడ్డాయి. బావ తొంగిచూసి నవ్వాడు.

"జల్లెడలో వెయ్యి. ఎవడో ఒకడు కొంటాడు."

గొడ్డలి మళ్ళీ నడుముకు దోపుకుని, నవ్వుకుంటూనే వాగు దాటి గట్టు కిందికి దూరాడు. కంచు పైకెక్కి తన చోట నిలబడ్డాడు. తనలో రగులుతున్నది కోపం అని తనకు తాను చెప్పుకున్నాడు గాని అందులో సగం భయమే.

కాసేపటికి పగులు కనబడింది. మొదట దారమంత ఉంది. చూస్తుండగానే వేలు పట్టేంత అయింది. గడ్డి వేళ్ళు ఒక్కొక్కటే తెగుతున్నాయి. కంచు నోరు తెరిచాడు, కేక గొంతు దాకా వచ్చింది. అవతల అక్క ఖాళీ జల్లెడ పట్టుకుని నిలబడి ఉంది. గడ్డం మీంచి రక్తం కారుతున్నా తుడుచుకోవడం లేదు. ఇతని వంకే చూస్తోంది. కంచు నోరు మూసుకుని రెండడుగులు వెనక్కి వేశాడు.

గట్టు కూలింది. కింద నుంచి ఒక మూలుగు వినబడి, సగంలో ఆగిపోయింది.

చావాలని కోరుకోవడం వేరు, చస్తుంటే చూడటం వేరు. కంచు కిందికి దూకి చేతులతో మట్టి తోడసాగాడు. అక్క పార పట్టుకుని నీళ్ళు దాటి వచ్చింది, కానీ తవ్వలేదు.

"అక్కా, నేను కేకెయ్యలేదు. పగులు చూసి కూడా వెయ్యలేదు."

"తెలుసు. నాకు అటునుంచి గట్టు వంగడం నీకంటే ముందే కనబడింది." పళ్ళు పోయిన నోట్లోంచి మాట గాలిగా వచ్చింది. "ఇక వదిలెయ్యి."

"నావల్ల కాదక్కా. పార ఇవ్వు."

ఆమె ఇవ్వలేదు. గోళ్ళు లేచిపోయేదాకా తోడాక అతని చేతికి ఒక భుజం తగిలింది. పట్టి లాగాడు. బావ మట్టి కక్కుకుంటూ బయటికొచ్చాడు. ఎడమ చేయి విరిగి వేలాడుతోంది. ఊపిరి అందగానే కంచును చూశాడు.

"ఎందుకు కేకెయ్యలేదురా?"

బావ కుడిచేత్తో నడుము తడుముకుని రాతి గొడ్డలి తీశాడు. మొదటి దెబ్బకు కంచు చెవి చీలింది. రెండో దెబ్బకు భుజం ఎముక ఫట్టుమంది. కంచు వెల్లకిలా పడ్డాడు. బావ అతని ఛాతీ మీద మోకాలు వేసి గొడ్డలి ఎత్తాడు.

"ముందు నిన్నిక్కడే పాతేస్తాను. తర్వాత దాని సంగతి చూస్తాను."

అక్క పారను రెండు చేతులా ఎత్తి, అంచు దిగేలా అతని మెడ మీద కొట్టింది. బావ కంచు మీదికి ఒరిగాడు. ఆమె పార ఊడలాగి మళ్ళీ కొట్టింది. మూడోసారి ఎత్తింది గాని అవసరం లేకపోయింది. వేడి రక్తం కంచు కళ్ళలోకి కారింది.

అక్క బావను కాళ్ళు పట్టి గుంతలోకి ఈడ్చింది. పైన ఇంకా వేలాడుతున్న గట్టు ముక్కను పారతో పొడిచి అతని మీదికి కూల్చింది. పార కడిగింది. తమ్ముడి మొహం కూడా కడిగింది, చిన్నప్పుడు ముక్కు తుడిచినట్టే, కాస్త మోటుగా. తర్వాత జల్లెడను మట్టి కుప్ప పక్కన పడేసి, మోకాళ్ళ మీద కూర్చుని జుట్టు విప్పేసుకుంది.

"ఇప్పుడు కేకెయ్యి," అంది.