ఎదురు పుటలోని తోడి

నేను ఒక రాగమాల చిత్రాన్ని. నా భార్యను భక్తితో చంపారు. ఇందులో వాదించడానికేమీ లేదు.

రాగానికి మనిషి రూపం కట్టడం పాతకాలపు చిత్రకారుల పద్ధతి. వాళ్ళ లెక్కలో రాగం మగవాడు, రాగిణి అతని ఇల్లాలు. గద్వాలలో వీరోజు అనే చిత్రకారుడు కాగితాన్ని నున్నటి రాయితో రుద్ది రుద్ది, జిగురు కలిపిన రంగులతో నన్ను ఒక బొమ్మల పుస్తకంలో మాల్కోస్ రాగంగా దించాడు. గద్దె మీద కూర్చుని తాంబూలం అందిస్తుంటాను. అందుకోవలసిన మనిషి ఎదురు పుటలో ఉండేది. ఆమె తోడి రాగిణి. భుజాన వీణ, పక్కన జింక. ఆమె కళ్ళను వీరోజు ఉడుత వెంట్రుకల కుంచెతో, ఊపిరి బిగబట్టి దిద్దాడు. పుస్తకం మూస్తే మా మొహాలు కలిసేవి. మా కాపురం అంతే.

పుస్తకం కొన్న దొర పోయాక కొడుకులిద్దరూ పంపకాలకు కూర్చున్నారు. పెద్దమనిషిగా వచ్చిన మేనమామ పుస్తకం కుట్టు విప్పాడు.

"మగబొమ్మలు పెద్దోడికి, ఆడబొమ్మలు చిన్నోడికి. ఇక పేచీ లేదుగా?"

"ఇంతమంది ఆడవాళ్ళను మా ఇంటావిడ గడప తొక్కనిస్తుందా, మామా?" అన్నాడు చిన్నవాడు.

అందరూ నవ్వారు. మనుషులు ఇంత న్యాయంగా పంచుకోవడం నేను మళ్ళీ చూడలేదు.

పెద్దవాడు నన్ను పెట్టెలో పడేశాడు. ఎవరూ పట్టించుకోలేదు కనుక బతికాను. చాలా ఏళ్ళకు అతని వారసులు మ్యూజియానికి ఇచ్చేశారు. తోడి కూడా వస్తోందని, మమ్మల్ని పక్కపక్కనే పెడతారని అక్కడివాళ్ళు అనుకుంటుంటే విన్నాను. ఎదురుచూశాను.

తెచ్చింది చిన్నవాడి కోడలు తాయారమ్మ. పట్టుగుడ్డలో చుట్టి తెచ్చింది. మ్యూజియం అధికారి విప్పి చూశాడు. వీణ ఉంది. జింక ఉంది. మొహం ఉండవలసిన చోట ఉత్త కాగితం, దాని మీద కుంకుమ మరక.

"వీణ ఉంది కదా నాయనా, సరస్వతమ్మే అనుకున్నా. అద్దానికి బొట్టు పెడితే అమ్మకు చేరదని అద్దం తీయించా. ప్రతి శుక్రవారం మొహం తుడిచి బొట్టు పెట్టేదాన్ని."

"తడిగుడ్డతోనా అమ్మా?"

"మరి? అమ్మవారిని పొడిగుడ్డతో దులుపుతామా?"

వెళ్ళేముందు తోడికి దండం పెట్టి, కళ్ళు ఒత్తుకుంది. ఆ భక్తిలో కల్తీ లేదు. అయినా నేను క్షమించలేదు.

ఇప్పుడు ఒకే అద్దం వెనక ఇద్దరం ఉన్నాం. తాంబూలం చాచిన చేతిలోనే ఉంది. చూడవచ్చినవాళ్ళు నన్ను మెచ్చుకుని, ఆమె దగ్గర ఆగకుండా పోతారు. ఆ కళ్ళు ఎలా ఉండేవో ఎరిగినవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలాను. అది మీకు చెప్పను. ఈ మాట ఇక ఎత్తను.