ఐదు చీరెలు, తొమ్మిది రవికలు

సుందరమ్మకు చీరెలంటే పిచ్చి అని పాతబస్తీ హుస్సేనీ ఆలంలో వాళ్ళ గల్లీ అంతటికీ తెలుసు. అవేం ఖరీదైన చీరెలు కావు. నేతవి, వాయిలువి, నైలానువి. కానీ ఇరవై ఏడు ఉండేవి. ఒకసారి కట్టిన చీరె నెల తిరిగితే గానీ మళ్ళీ పెట్టెలోంచి తీసేది కాదు. ఆమె తండ్రి ఎల్లప్ప గుడ్డలకు రంగులద్దే మనిషి. రంగుల తొట్ల మధ్య పాకి పెరిగిన పిల్లకు ఆ మోజు ఎక్కడికి పోతుంది?

ఊళ్ళ మధ్య ఫోన్లు కలిపే ట్రంకు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆమె ఆపరేటరు. ఫోను అవతలివాళ్ళకు గొంతు తప్ప మనిషి కనబడదు. అయినా పొద్దున ఆమె తలుపు తోసుకుని లోపలికి రాగానే, బోర్డుల ముందు వరసగా కూర్చున్న ఆడవాళ్ళంతా తలలు తిప్పి చూసేవాళ్ళు. ఇవాళ ఏ రంగో అని. ఆ ఒక్క నిమిషం కోసం సుందరమ్మ రోజూ పావుగంట ముందు లేచేది.

1974 ఆషాఢంలో నాలుగు రోజులు వదలకుండా వాన కొట్టింది. ఐదోనాడు తెల్లవారేసరికి వెనక గది గోడ కూలింది. గదిలో మనుషులు లేరు గానీ బట్టల పెట్టె ఉంది. మట్టి తోడి దాన్ని బయటికి లాగడానికి రెండు రోజులు పట్టింది. మూత తెరిస్తే ఎరుపు వచ్చి తెలుపుకు అంటింది, నీలం వచ్చి గులాబీని మింగింది, అన్నిటికీ బురద వాసన. ధోబీ ఇంటికి ఉతుకుకు వెళ్ళినవి నాలుగు, ఒంటి మీదిది ఒకటి, మొత్తం ఐదు చీరెలే మిగిలాయి.

"ఫికర్ జెయ్యకు. ముందుగాల గోడ లేవనీ. దసరాకు కొనుక్కుందువు తియ్యి" అన్నాడు భర్త బాలనర్సింహ.

అత్త కాశమ్మకు మాత్రం ఈ ఏడుపు వింతగా తోచింది. "నాకు ఏనాడన్న రెండు చీరెల కంటె ఎక్కువున్నయా? నీకు ఐదున్నయి. ఇంకేంది లొల్లి?"

సుందరమ్మ మూడు రోజులు సెలవు పెట్టింది. జ్వరమని చెప్పింది గానీ అది జ్వరం కాదు, సిగ్గు.

డ్యూటీకి వెళ్ళాక ఐదు రోజులు ఎలాగో గడిచాయి. ఆరోనాడు మొదటి చీరే కట్టుకుని వెళ్ళింది. పక్క బోర్డు నాగమణి చెడ్డమనిషి కాదు, నోరు ఆగదంతే. "ఇది మొన్నటిదే కదండీ సుందరమ్మగారూ?" అంది. సుందరమ్మ కొంగు నిండా కప్పుకుని బోర్డు వైపు తిరిగింది.

టీ వేళకు సూపర్‌వైజరు రాజరాజేశ్వరి ఆమెను పక్కకు పిలిచింది. ఆవిడది గుడివాడ. ఏళ్ళ తరబడి నాలుగే చీరెలు, నాలుగూ తెల్లనివే, సన్నటి అంచువి.

"బాధపడకమ్మా. నన్ను చూడు. పొద్దున్నే ఏది కట్టుకోవాలా అని ఆలోచించే బాధే లేదు నాకు. నువ్వూ అలవాటు చేసుకో."

"మీకు అది బాధ మేడమ్. నాకైతే అదే సంతోషం" అంది సుందరమ్మ.

ఆ ఆదివారం, పాత బట్టలకు స్టీలు గిన్నెలిచ్చే మనిషి వస్తాడని పాడైన చీరెలన్నీ వాకిట్లో కుప్ప పోసింది. ఒక్కొక్కటే విప్పి చూస్తుంటే తెలిసింది, అన్నీ మొత్తంగా పాడవలేదు. మడత లోపల ఒకచోట ముప్పావు గజం, ఒకచోట గజం, రంగు చెక్కుచెదరకుండా ఉంది. చీరెకు చాలదు. రవికకు చాలు.

కత్తెర పట్టుకుని కూర్చుంది. మధ్యాహ్నానికి పద్దెనిమిది ముక్కలు తేలాయి. ఐదు చీరెలను దండెం మీద వరసగా ఆరేసింది: ముదురు ఆకుపచ్చ, ఇటుకరంగు, పసుపు, మబ్బురంగు, నల్ల చుక్కల తెలుపు. "గుడ్డను ఇంట్ల చూడొద్దు బిడ్డా, ఎండల చూడాలె" అనేవాడు తండ్రి. ప్రతి ముక్కనూ ప్రతి చీరె మీద వేసి, గల్లీ అవతలి గోడ దాకా వెళ్ళి నిలబడి చూసింది. ఐదింటితోనూ కలిసిన ముక్క ఒక పక్క. ఒక్కదానితో పేచీ పెట్టినా ఇంకో పక్క.

చివరికి తొమ్మిది నిలిచాయి. ఆమెకు ప్రాణమైన ఊదారంగు నైలాను ముక్క నిలవలేదు. దాన్ని మూడుసార్లు తెచ్చి వేసి చూసింది. ఆకుపచ్చ మీద బాగుంది, మిగతా నాలుగింటి మీద అరిచినట్టుంది. కాసేపు చెంపకు ఆనించుకుని గిన్నెల మనిషి మూటలో వేసేసింది.

పక్కింటి కుట్టుమిషను అడిగి తెచ్చి, మరుసటి ఆదివారానికి తొమ్మిది రవికలూ పూర్తి చేసింది. సోమవారం ఇటుకరంగు చీరె మీద నెమలి నీలం రవిక వేసుకుని తలుపు తోసింది. తలలు తిరిగాయి.

"కొత్త చీరెనా?" అంది నాగమణి.

"పాతదే. మస్తు పాతది" అని సుందరమ్మ హెడ్‌ఫోను తగిలించుకుంది.

రెండు వారాలయ్యేసరికి నాగమణికి సంగతి అర్థమైంది. టీ గదిలో వేలాడే క్యాలెండరు గళ్ళలో మొదటి సోమవారం నుంచీ గుర్తు తెచ్చుకుని, ఏ రోజు ఏ చీరె, ఏ రవిక అని రాయడం మొదలుపెట్టింది. "జతలు ముప్పై దాటవండీ, చూస్తూ ఉండండి" అంది. "నలభై ఐదు దాకా పోతది" అంది సుందరమ్మ. ముప్పై దాటాయి. ట్రంకు కాల్ కోసం విసుక్కునే వాళ్ళకు ఏమీ తెలియదు గానీ, ఎక్స్ఛేంజిలో ఆడవాళ్ళంతా పొద్దున్నే క్యాలెండరు చూసి గానీ సీట్లో కూర్చునేవాళ్ళు కాదు.

ముప్పై తొమ్మిదో రోజు సాయంత్రం బస్సు దిగుతుంటే తలుపు రేకు పట్టి పసుపు చీరె కొంగు జానెడు చిరిగింది. మిగిలిన ఆరు జతల్లో నాలుగు ఆ చీరెతోనే. ఇంటికొచ్చి చీరె విప్పి మంచం మీద పడేసి, తానూ పక్కన కూలబడింది.

కాశమ్మ ఆ చిరుగును వేళ్ళతో తడిమి చూసింది. "నిలబడు" అంది. కోడలికి తానే చీరె చుట్టి, కొంగును వెనక నుంచి కుడి భుజం మీదుగా ముందుకు తెచ్చి పరిచింది, తన చిన్నతనంలో కట్టుకున్నట్టు. చిరుగు భుజం మడతల్లోకి పోయింది. "నాకు రెండే చీరెలు ఉండె గని, కట్టుడు ఒక్క తీరు ఉండకపోతుండె పిల్లా. నేనెప్పుడు చెప్పలే, నువ్వెప్పుడు అడగలే" అంది నవ్వుతూ. కాపురానికి వచ్చినప్పటి నుంచీ అత్త ముఖంలో అంత సంబరం సుందరమ్మ చూడలేదు.

నలభయ్యో రోజు కుడిపైటతో లోపలికి రాగానే వరసంతా లేచి చుట్టూ మూగింది. ఎవరో అటు తిరగమన్నారు, ఎవరో ఇటు తిరగమన్నారు. నాగమణి పెన్సిలు పట్టుకుని తెల్లబోయింది. "కట్టే మారిపోయిందే! ఇదెలా రాయాలి నేను?"

రాజరాజేశ్వరి గదిలోంచి వచ్చింది. అంతా సర్దుకుని నిలబడ్డారు. ఆవిడ సుందరమ్మను కిందికీ మీదికీ చూసి, క్యాలెండరు దగ్గరికి వెళ్ళి గళ్ళన్నీ చదివింది.

"జత కొత్తదే, రాయి. కట్టు కూడా కొత్తది కాబట్టి ఇప్పటిదాకా అయిపోయినవన్నీ ఈ కట్టుతో మళ్ళీ కొత్తవే. నలభై ఐదు కాదమ్మాయ్, తొంభై" అంది.

గదంతా గొల్లున నవ్వింది. చప్పట్లు కొట్టారు. కాల్స్ వచ్చి బోర్డుల మీద దీపాలు వెలిగి ఆరుతున్నా ఒక నిమిషం పాటు ఎవరూ తీయలేదు. సూపర్‌వైజరూ కసురుకోలేదు. సుందరమ్మకు కళ్ళు నిండాయి. ఇరవై ఏడు చీరెలున్న రోజుల్లో తన కోసం ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

నలభై ఐదో గడి నిండిన సాయంత్రం రాజరాజేశ్వరి ఆమెతో పాటు బస్‌స్టాపు దాకా నడిచింది. బస్సు వచ్చే వైపే చూస్తూ, "నా తెల్లచీరెల మీదికి ఒకటి ఎంచిపెడతావా? మరీ కొట్టొచ్చినట్టు వద్దు. అలాగని... మరీ తెలుపూ వద్దు" అంది.

"ఆదివారం మా ఇంటికి రాండ్రి మేడమ్. ఎండల చూస్తనే తెలుస్తది" అంది సుందరమ్మ.

దసరాకు గోడ లేచింది. బాలనర్సింహ మాట తప్పలేదు, భార్యను పత్తర్‌గట్టి బట్టల బజారుకు తీసుకుపోయాడు. దుకాణం భాయ్ యాభై చీరెలు గుట్ట పోశాడు. సుందరమ్మ ఒక్కొక్కటే గుమ్మం దాకా తెచ్చి, ఎండలో పట్టుకుని, మనసులో తొమ్మిది రవికలూ దాని మీద వేసి చూసింది. గంట సేపటికి లేత జామపండు రంగు చీరె ఒకటి పక్కన పెట్టి, మిగతావి మడత పెట్టమంది.

"ఇంత చూసి ఒక్కటేనా అమ్మా?" అన్నాడు భాయ్ ఉసూరుమంటూ.

"ఒక్కటెక్కడిది భాయ్? రెండు కట్లతోని పద్దెనిమిది!" అని నవ్వి, చీరె చంకన పెట్టుకుని, సుందరమ్మ ఆ కిటకిటలాడే బజారులోకి దిగింది.